పోప్ ఉత్తరం, నల్లపిల్లి, ప్లేగు: ఒక ప్రచారాన్ని కీలుకీలుగా విప్పి చూసిన కేస్ స్టడీ

ప్రచారంలో ఉన్న మాట

అక్టోబరు వచ్చి హాలోవీన్ దగ్గరపడగానే ఈ కథ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. 1233లో పోప్ తొమ్మిదో గ్రెగరీ ‘వాక్స్ ఇన్ రామా’ అనే శాసనం జారీ చేశాడట. నల్లపిల్లి సైతాను రూపమని ప్రకటించి, పిల్లుల్ని చంపమన్నాడట. యూరప్ అంతటా పిల్లుల్ని ఊచకోత కోశారట. పిల్లుల్లేక ఎలుకలు పెరిగాయి, 1347లో ప్లేగు దిగింది, జనాభాలో మూడో వంతు పైగా తుడిచిపెట్టుకుపోయింది.

ఈ కథను పంచుకునేవాళ్ళలో ఎక్కువమంది మూఢనమ్మకాలంటే గిట్టనివాళ్ళు, పిల్లుల్ని ప్రేమించేవాళ్ళు. క్రూరత్వం చేసినవాళ్ళకి శిక్ష పడింది అనే ముగింపు వాళ్ళ మనసుకి నచ్చుతుంది. నచ్చే కథని ఎవరూ ఆపి ప్రశ్నించరు, కాబట్టి ఇలాంటి కథ మీదే మరింత గట్టి పరీక్ష పెట్టాలి. పైగా ఇందులో అసలు చనిపోయిన మనుషులు కనబడకుండా పోయారు. ఈ పరిశీలన రాయడానికి పెద్ద కారణం అదే.

విడగొట్టడం

‘ఇది నిజమా, అబద్ధమా’ అని మొత్తానికి ఒకే ప్రశ్న వేస్తే పని జరగదు. ఉత్తరం నిజంగా ఉంది, అందులో నల్లపిల్లీ ఉంది. ఆ రెండు నిజాల వెనకే మిగతావన్నీ లోపలికి దూరాయి. అందుకని మాటని ఆరు కీళ్ళుగా విప్పుకోవాలి: ఆ ఉత్తరం ఉందా, అందులో నల్లపిల్లి ఉందా, పిల్లుల్ని చంపమని ఉందా, అది యూరప్ అంతటికీ వర్తించే శాసనమా, దాని వల్ల పిల్లుల సంఖ్య తగ్గి 1347 దాకా తగ్గే ఉందా, పిల్లులు తగ్గడం వల్లే ప్లేగు అంతలా పాకిందా.

వెతకడం మొదలుపెట్టకముందే ఒక్కో కీలు పక్కన ‘ఏం దొరికితే ఒప్పుకుంటాం’ అని రాసి పెట్టుకోవాలి. దొరికిన తర్వాత రాస్తే, దొరికినదానికి తగ్గట్టు ప్రమాణం మారిపోతుంది. ఈ కేసులో మూడో కీలుకి కావలసింది పిల్లుల గురించి చేసిన ఆజ్ఞావాక్యం, ఒక్కటి చాలు. నాలుగో కీలుకి, ఆ ఉత్తరం చర్చి చట్టంలో చేరినట్టు గానీ ప్రాంతీయ బిషప్పుల సభలు దాన్ని తిరిగి ప్రకటించినట్టు గానీ రుజువు ఉండాలి. అయిదోదానికి సమకాలీన వృత్తాంతమో, జమాఖర్చుల పద్దో, ఎముకలో కావాలి. ఆరోదానికి పరీక్ష ఒకటే: పోప్ మాట చెల్లని చోట్ల, పిల్లుల్ని బాగా చూసుకున్న చోట్ల ప్లేగు తక్కువగా ఉండి ఉండాలి.

ఉత్తరంలో ఏముంది

లాటిన్ పాఠం మోనుమెంటా గెర్మానియే హిస్టోరికా (జర్మనీ మధ్యయుగ మూలపత్రాల గ్రంథమాల) వారి 13వ శతాబ్దపు పోప్ ఉత్తరాల మొదటి సంపుటంలో అచ్చయింది. ఆ సంపుటం 1883లో వచ్చింది. చదవాల్సింది దీన్ని, దీని గురించి ఎవరో రాసిన సారాంశాల్ని కాదు. వెతికేటప్పుడు సాధారణంగా జరిగే తప్పు ఒకటుంది. పిల్లికి లాటిన్ మాట ‘ఫెలిస్’ అనుకుని దానితో వెతికి, ఏమీ దొరక్క, ఉత్తరంలో పిల్లే లేదని తేల్చేస్తారు. మధ్యయుగపు రాతల్లో పిల్లి కాట్టస్, గాట్టస్, మురిలెగస్, ముసియో అని రకరకాలుగా కనబడుతుంది. ఈ ఉత్తరంలో ఉన్నది గాట్టస్.

తేదీ 1233 జూన్. వేర్వేరు ప్రతుల్లో రోజు కొద్దిగా మారుతుంది. అందుకున్నవాళ్ళు జర్మనీ రాజు హెన్రీ (చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కొడుకు), మైంజ్ ఆర్చిబిషప్, హిల్డెస్‌హైమ్ బిషప్, మార్బుర్గ్‌కి చెందిన కోన్రాడ్ అనే మతవిచారకుడు. ‘రామాలో ఒక స్వరం వినబడెను’ అనే బైబిల్ వాక్యంతో మొదలవుతుంది కాబట్టి దానికి ఆ పేరు.

ఇక విషయం. జర్మనీలో ఒక రహస్య మతద్రోహుల ముఠా ఉందని, అందులో కొత్తగా చేరేవాడికి ఏం జరుగుతుందో ఉత్తరం వర్ణిస్తుంది. మొదట ఒక కప్ప కనిపిస్తుంది. ఒక్కోసారి బాతంత, ఒక్కోసారి పొయ్యంత ఉంటుంది. కొత్తవాడు దాన్ని ముద్దు పెట్టుకోవాలి. తర్వాత ఎముకల మీద చర్మం అతుక్కుపోయినట్టున్న పాలిపోయిన మనిషి వస్తాడు. అతన్ని ముద్దాడితే మంచుగడ్డలా చల్లగా ఉంటుంది, ఆ ముద్దుతో క్రైస్తవ విశ్వాసం జ్ఞాపకం కూడా మిగలదు. ఆపై అందరూ కూర్చుని భోజనం చేస్తారు. లేచాక, అలాంటి సభల్లో ఉండే ఒక విగ్రహం లోంచి నల్లపిల్లి దిగుతుంది. మధ్యరకం కుక్కంత ఉంటుంది, తోక పైకి మడిచి వెనక్కి నడుస్తూ దిగుతుంది. కొత్తవాడు, గురువు, తర్వాత వరసగా మిగతావాళ్ళు దాని వెనకభాగాన్ని ముద్దాడతారు. దీపాలు ఆర్పేస్తారు, వావివరసలు లేని సంభోగం జరుగుతుంది. మళ్ళీ దీపాలు వెలిగాక చీకటి మూల నుంచి ఒకడు వస్తాడు. వాడి నడుము పైభాగం సూర్యుడికన్నా మెరుస్తుంది, కిందభాగం పిల్లిలా బొచ్చుగా ఉంటుంది.

ఉత్తరంలో పిల్లి ప్రస్తావన ఇంతే. ఆజ్ఞలూ ఉన్నాయి గానీ అవి మనుషుల మీద: ఈ మతద్రోహుల్ని దారికి తెండి, రాకపోతే లౌకిక అధికారం, కత్తి ఉపయోగించండి. పిల్లిని పట్టుకోమనీ లేదు, చంపమనీ లేదు. ఇళ్ళల్లో తిరిగే మామూలు పిల్లుల ఊసే లేదు. విగ్రహంలోంచి దిగే కుక్కంత పిల్లి ఒక ఆరోపణలో పాత్ర. దాన్ని తీసుకొచ్చి ప్రతి వీధిలో తిరిగే పిల్లికి అంటగట్టింది ఇప్పటి పాఠకులే.

మొదటి రెండు కీళ్ళు నిజం. మూడోది అబద్ధం. ఇక్కడ జరిగిన పొరపాటు రకం గుర్తుంచుకోదగ్గది: వర్ణనని ఆజ్ఞగా చదవడం. పోలీసుల ఛార్జిషీటులో దొంగ సుత్తి వాడాడని రాసి ఉంటే సుత్తుల్ని నిషేధించారని చెప్పడం ఎలాగో, ఇదీ అలాగే.

శాసనమా, ఉత్తరమా

సీసపు ముద్ర ఉన్న పోప్ లేఖ అనగానే అది క్రైస్తవ లోకానికంతటికీ చట్టం అనుకుంటారు. అది సరికాదు. పోప్ కార్యాలయం నుంచి వెళ్ళే లేఖల్లో ఎక్కువ భాగం ఫలానా తగాదా మీద, ఫలానా మనుషులకి రాసినవి. అవి అందరికీ చట్టం కావాలంటే సంకలనంలోకి ఎక్కాలి.

ఈ కేసులో దీన్ని తేల్చడం తేలిక. ఇదే గ్రెగరీ, పెన్యాఫోర్ట్‌కి చెందిన రేమండ్ చేత చర్చి చట్టాలన్నీ కూర్పించి, 1234 సెప్టెంబరులో అధికారికంగా ప్రకటించాడు. వాక్స్ ఇన్ రామా వెళ్ళి ఏడాది తిరగ్గానే వచ్చిన సంకలనం అది. మతద్రోహుల గురించి అందులో ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది, వాక్స్ ఇన్ రామా మాత్రం అందులో లేదు. రాసిన పోప్ స్వయంగా దాన్ని శాశ్వత చట్టంగా పెట్టుకోలేదు. నాలుగో కీలూ నిలబడదు.

అప్పుడప్పుడు దీనికి 1484 నాటి మరో లేఖని జత చేస్తారు. ఎనిమిదో ఇన్నోసెంట్ మంత్రగత్తెల మీద జారీ చేసిన ‘సుమ్మిస్ దెసిదెరాంతెస్’ అది. పంటలు, పశువులు, గర్భాలు పాడుచేస్తున్నారన్న ఆరోపణలు అందులో ఉన్నాయి, పిల్లి లేదు. రెండు లేఖల్నీ కలిపి ‘చర్చి 250 ఏళ్ళపాటు పిల్లుల మీద యుద్ధం చేసింది’ అని రాసే వాక్యాన్ని నేరుగా కొట్టేయవచ్చు.

చనిపోయింది ఎవరు

ఉత్తరంలోని వివరాలు ఎక్కడివో చూడకపోతే కేసు సగమే చూసినట్టు. కోన్రాడ్ ఆ రోజుల్లో రైన్ ప్రాంతంలో విచారణలు నడుపుతున్నాడు. అతని పద్ధతి ఎలా ఉండేదో తర్వాత మైంజ్ ఆర్చిబిషప్ పోప్‌కి రాసిన లేఖలో తెలుస్తుంది, దాన్ని ఆల్బెరిక్ అనే సన్యాసి తన వృత్తాంతంలో భద్రపరిచాడు. ఆరోపణ వచ్చినవాడికి రెండే దారులు: ఒప్పుకుంటే తల గొరిగించుకుని బతుకుతాడు, కాదని ఒట్టేస్తే వెంటనే కాలుస్తారు. ఒప్పుకున్నవాడు తోటివాళ్ళ పేర్లు చెప్పాలి. అలాంటి విచారణలో కప్ప గురించి, పాలిపోయిన మనిషి గురించి, పిల్లి గురించి అడిగితే అవునని చెప్పక ఎవరు ఏం చేయగలరు? అడిగినవాడి తలలో ఉన్న బొమ్మ ఒప్పుకున్నవాడి నోట వచ్చింది. అది మళ్ళీ పోప్ ముద్రతో తిరిగొచ్చి ఋజువైంది.

ఆ బొమ్మ కోన్రాడ్ తలలోకి ఎలా వచ్చిందో కూడా జాడ తీయవచ్చు. 1180ల్లో ఇంగ్లండ్ రాజాస్థానంలో ఉన్న వాల్టర్ మ్యాప్ ఇదే కథ రాశాడు: మతద్రోహులు చీకట్లో కూర్చుంటారు, వేలాడే తాడు మీదుగా పెద్ద నల్లపిల్లి దిగుతుంది, చీకట్లో తడుముకుంటూ ముద్దులు పెడతారు. 1203 ప్రాంతంలో చనిపోయిన అలెన్ ఆఫ్ లీల్ అనే పండితుడు, చర్చి మతద్రోహులన్న కాథర్‌ అనే శాఖ వాళ్ళ మీద ఇదే నింద వేశాడు. పారిస్ బిషప్ విలియమ్ కూడా లూసిఫర్ నల్లపిల్లిగానో కప్పగానో కనబడతాడని రాశాడు. పండితుల బల్లల మీద 50 ఏళ్ళపాటు తిరిగిన కథ ఇది. జనం నోట్లో పుట్టి పైకి వెళ్ళలేదు, పైన పుట్టి విచారణ గదిలో జనం నోట్లోకి దిగింది. నల్లపిల్లి భయాన్ని ‘అనాదిగా పామర జనం నమ్మకం’ అని రాసే ప్రతి వ్యాసం ఈ దిశని తలకిందులు చేస్తుంది.

కోన్రాడ్ చివరికి సేయిన్ ప్రభువు హెన్రీ మీద ఆరోపణ చేశాడు. ప్రభువు భయపడలేదు, విచారణ కోరాడు. 1233 జూలై 25న మైంజ్‌లో జరిగిన సభ అతని మీద నేరం నిలబడదని తేల్చింది. అయిదు రోజులకి, జూలై 30న, మార్బుర్గ్‌కి తిరిగి వెళ్తున్న కోన్రాడ్‌ని దారికాచి చంపేశారు. నల్లపిల్లి ఉత్తరం వెళ్ళి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. పలుకుబడి ఉన్న ప్రభువు కాబట్టి బయటపడ్డాడు. అంతకుముందు కాలిపోయినవాళ్ళకి ఆ సభ దొరకలేదు.

పిల్లుల సంఖ్య తగ్గిందా

అయిదో కీలు దగ్గర వాదన అంతా ‘చంపే ఉంటారు’ అనే ఊహ మీదే నడుస్తుంది. ఉన్న ఆధారాలు వేరే మాట చెబుతాయి.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ కెథడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) జమాఖర్చుల్లో 1305 నుంచి 1467 దాకా పిల్లి పేర పద్దు ఉంది. మూడు నెలలకి 13 పెన్నీలు, అంటే వారానికి ఒక పెన్నీ. ఇది సాక్షాత్తూ చర్చి ఖర్చు, పైగా ప్లేగు సంవత్సరాలకి అటూ ఇటూ విస్తరించిన పద్దు. అక్కడి ఒక తలుపుకి కోసిన పిల్లి కంత ఇప్పటికీ ఉంది. ఏకాంతవాసం చేసే సన్యాసినుల కోసం 13వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులో రాసిన నియమావళి ఏ జంతువునీ పెంచుకోవద్దంటూనే ఒక్క పిల్లికి మాత్రం అనుమతి ఇచ్చింది. పిల్లి ధాన్యాన్నీ పుస్తకాల్నీ ఎలుకల నుంచి కాపాడే పనివాడు. వ్రాతప్రతులున్న మఠం దాన్ని వదులుకోదు.

పిల్లుల్ని చంపలేదని కాదు. చంపారు, ముఖ్యంగా చర్మం కోసం. 1127లో ఇంగ్లండ్ చర్చి సభ సన్యాసినులు గొర్రెపిల్ల చర్మం, పిల్లి చర్మం కన్నా ఖరీదైన బొచ్చు తొడుక్కోకూడదని నియమం పెట్టింది. అంటే పిల్లి చర్మం చవకగా, విరివిగా దొరికేదన్నమాట. కేంబ్రిడ్జ్‌లో 13వ శతాబ్దపు బావి ఒకటి తవ్వితే 79 పిల్లుల ఎముకలు బయటపడ్డాయి. కత్తి గాట్లని బట్టి చర్మం ఒలిచి, మాంసం కూడా కోశారని తేలింది. ఇలాంటి తవ్వకాన్ని ‘పోప్ ఆజ్ఞకి సాక్ష్యం’ అని వాడేస్తుంటారు. గాటు ఎక్కడుందో చూస్తే తేడా తెలుస్తుంది. చర్మం ఒలిచేవాడి గాట్లు పుర్రె మీద, దవడ అంచున, పాదాల ఎముకల మీద పడతాయి. ద్వేషంతో కొట్టి చంపినవాడికి ఆ శ్రమ అక్కర్లేదు.

రెండో రకం సాక్ష్యంగా పండగల్ని చూపిస్తారు. ఇప్పటి బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో గోపురం మీద నుంచి పిల్లుల్ని విసిరేవారు, బతికున్న పిల్లిని చివరిసారి విసిరింది 1817లో. పారిస్‌లో సెయింట్ జాన్ పండగ మంటల్లో పిల్లుల్ని కాల్చేవారు. రెండూ నిజమే, రెండూ ఘోరమే. కానీ ఒక ఊరి పండగలో ఏడాదికోసారి కొన్ని పిల్లుల్ని చంపడం వేరు, ఖండమంతటా పిల్లులు లేకుండా పోవడం వేరు. ఆ ఆచారాలు పోప్ లేఖని ఆధారంగా చూపించుకోనూ లేదు.

జీవశాస్త్రం కూడా ఈ కీలుని ఒప్పుకోదు. పిల్లి దాదాపు 9 వారాలు గర్భం మోస్తుంది. ఆరు నెలలు దాటితే కూన తల్లి అవుతుంది. ఏటా ఒకటికన్నా ఎక్కువ కాన్పులు సాధ్యం. ఒక ప్రాంతంలో సగం పిల్లుల్ని చంపినా, తిండి ఉంటే కొన్నేళ్ళలో సంఖ్య పూడుతుంది. లేఖకీ ప్లేగుకీ మధ్య ఉన్నది 114 ఏళ్ళు. అంతకాలం పిల్లుల్ని తక్కువగా ఉంచాలంటే ప్రతి తరంలో, ప్రతి ఊళ్ళో చంపుతూనే ఉండాలి. అలా జరిగి ఉంటే దాని గురించి రాసినవాడు ఒక్కడైనా ఉండేవాడు.

ప్లేగు పరీక్ష

ఆరో కీలుకి ముందుగా రాసుకున్న పరీక్షని ఇప్పుడు పెట్టాలి. 1347లో ప్లేగు కాన్‌స్టాంటినోపుల్‌ని కొట్టింది. అది ఆర్థడాక్స్ (తూర్పు క్రైస్తవ శాఖ) నగరం, రోమ్ పోప్ మాట అక్కడ చెల్లదు. చక్రవర్తి జాన్ కాంటకుజెనోస్ చిన్న కొడుకే ఆ రోగంతో పోయాడు. అదే ఏడాది అలెగ్జాండ్రియాకి, 1348లో కైరోకి, డమాస్కస్‌కి చేరింది. ఇస్లామిక్ సంప్రదాయంలో పిల్లి శుభ్రమైన జీవి, దాన్ని ఆకలికి మాడ్చడం పాపం. పిల్లుల్ని గౌరవంగా చూసుకున్న ఆ నగరాల్లోనూ శవాలు గుట్టలు పడ్డాయి. కారణం పిల్లులు లేకపోవడమే అయితే కైరో బతికిపోవాలి. బతకలేదు. ఈ ఒక్క పరీక్షతోనే ఆరో కీలు విరిగిపోతుంది. ప్లేగు సంగతి అడిగి, మిగతావన్నీ చదివే ఓపిక లేనివాళ్ళకి చెప్పాల్సింది దీన్నే.

రోగం పాకే విధానాన్ని బట్టి చూసినా లెక్క కుదరదు. ప్లేగు కారకం యెర్సీనియా పెస్టిస్ అనే బ్యాక్టీరియా. అలెగ్జాండర్ యెర్సిన్ దాన్ని గుర్తించింది 1894లో, హాంకాంగ్‌లో. ఎలుకల ఒంటి మీద బతికే ర్యాట్ ఫ్లీ అనే చిన్న పురుగు కాటుతో అది మనిషికి వస్తుందని పాల్ లూయీ సిమాన్ 1898లో కరాచీలో చూపించాడు. ఆ ఫ్లీలు ఎలుక చచ్చాకే కొత్త ఒంటిని వెతుక్కుంటాయి. కాబట్టి పిల్లి చంపిన ఎలుక కూడా ఫ్లీలని బయటికి వదులుతుంది. 2018లో అచ్చయిన ఒక గణిత నమూనా అధ్యయనం తొమ్మిది చారిత్రక విజృంభణల్ని పోల్చి చూసి, ఏడింటిలో ఎలుకల కన్నా మనుషుల ఒంటి పేలు, మనిషి ఫ్లీల ద్వారా వ్యాపించిందన్న నమూనాయే బాగా సరిపోతోందని చూపింది. ఎలుకల పాత్ర ఎంతన్నదే చర్చలో ఉన్నప్పుడు పిల్లుల్ని నమ్ముకున్న వాదనకి కాలు నిలిచే చోటే లేదు.

పిల్లికి కూడా ప్లేగు సులభంగా వస్తుందన్న సంగతి ఈ కథ చెప్పేవాళ్ళు దాదాపు ఎప్పుడూ చెప్పరు. రోగమున్న ఎలుకని తిన్న పిల్లికి గొంతు కింద గడ్డలు వస్తాయి, ఊపిరితిత్తులకి పాకితే దగ్గుతో మనిషికి నేరుగా అంటిస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో 1977 నుంచి 1998 దాకా పిల్లుల నుంచి మనుషులకి సోకిన ప్లేగు కేసులు 23 నమోదయ్యాయి, వాళ్ళలో అయిదుగురు చనిపోయారు. ఇందులో పిల్లిని తప్పుపట్టడానికేమీ లేదు, అదీ బాధితురాలే. అయితే ‘పిల్లి ఉంటే ప్లేగు ఉండదు’ అన్న ఊహకి మాత్రం చోటు లేదు.

ప్లేగు రోజుల్లో బతికినవాళ్ళు ఏ కారణాలు చెప్పారో చూడటం తప్పనిసరి. పారిస్ వైద్య విభాగం 1348లో ఇచ్చిన నివేదిక 1345 నాటి శని, గురు, కుజ గ్రహాల కలయికనీ చెడుగాలినీ తప్పుపట్టింది. వీధుల్లో జనం యూదుల్ని తప్పుపట్టారు, బావుల్లో విషం కలిపారని చంపారు. స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న సామూహికంగా కాల్చారు. అప్పటి పోప్ ఆరో క్లెమెంట్ 1348లోనే ఆ ఆరోపణని ఖండిస్తూ లేఖలు రాశాడు. యూదులు లేని చోట్ల కూడా ప్లేగు ఉంది, యూదులూ అదే రోగంతో చస్తున్నారు కదా అన్నది అతని తర్కం. పైన కైరోతో చేసిన పరీక్ష కూడా అలాంటిదే. ఆ రోజుల్లో ‘పిల్లులు లేక ఇలా అయింది’ అన్న మాట ఎవరి రాతలోనూ లేదు. ఎలుకకీ ప్లేగుకీ లింకు 19వ శతాబ్దం చివర్లో తెలిశాకే ఈ కథ అల్లడం సాధ్యమైంది.

పిల్లుల మీద నిజంగా వచ్చిన ఒక ఆజ్ఞ ఉంది, అది ప్లేగు వచ్చాక ఇచ్చినది. 1665లో లండన్‌లో మళ్ళీ ప్లేగు విజృంభించినప్పుడు పాలకులు నగరంలో పందులు, కుక్కలు, పిల్లులు, పెంపుడు పావురాలు, కుందేళ్ళు ఉంచుకోకూడదన్నారు, వీధి కుక్కల్ని చంపడానికి మనుషుల్ని పెట్టారు. కథలో కారణంగా చూపించినది ఇక్కడ ఫలితంగా కనబడుతుంది. రెండు లక్షల పిల్లుల్ని చంపారన్న సంఖ్య చాలాచోట్ల కనిపిస్తుంది. అది 57 ఏళ్ళ తర్వాత, 1722లో అచ్చయిన ఒక కల్పిత వృత్తాంతంలోది. దాన్ని లెక్కగా వాడకూడదు.

నలుపు ఎంతవరకు నిజం

ఆరు కీళ్ళలో లేకపోయినా ప్రతి చర్చలో వచ్చే ప్రశ్న ఇది: పిల్లుల సంగతి సరే, నల్లపిల్లిని మాత్రం ఎప్పటి నుంచో వేటాడారు కదా? విచారణ పత్రాల్లో రంగు ఒక్కటే ఏరి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1308లో టెంపుల్ యోధుల (క్రూసేడ్ల కాలపు సైనిక సన్యాసుల) మీద పెట్టిన 127 ఆరోపణల జాబితాలో ‘ఒక పిల్లిని పూజించారు’ అని ఉంది, రంగు లేదు. 1324లో ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో ఆలిస్ కైట్లర్ మీద జరిగిన విచారణలో దయ్యం ఒకసారి పిల్లిగా, ఒకసారి బొచ్చు నల్లకుక్కగా వచ్చిందన్నారు. అక్కడ నలుపు కుక్కది. ఆలిస్ తప్పించుకుంది, ఆమె దగ్గర పనిచేసిన పెట్రోనిల్లాని ఆ ఏడాది నవంబరు 3న కాల్చేశారు. 1566లో ఇంగ్లండ్‌లోని చెల్మ్స్‌ఫర్డ్‌లో ఆగ్నెస్ వాటర్‌హౌస్‌ని ఉరితీసిన కేసులో ‘సాతాన్’ అన్న పేరున్న పిల్లి తెల్లది, మచ్చలున్నది. 1647లో మంత్రగత్తెల వేటగాడు మాథ్యూ హాప్కిన్స్ అచ్చేసిన కరపత్రం ముఖచిత్రంలో దయ్యపు జంతువులన్నీ పేర్లతో ఉన్నాయి. అందులో హోల్ట్ అనే పిల్లికూన తెల్లది. నల్లగా ఉన్నది ఒక కుందేలు.

కాబట్టి ‘మంత్రగత్తె పక్కన నల్లపిల్లి’ బొమ్మని ఆ విచారణల సమకాలీన చిత్రంగా చూపించకూడదు. అది 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో హాలోవీన్ పోస్టుకార్డుల మీద స్థిరపడిన బొమ్మ. అదే కాలంలో బ్రిటన్‌లో నల్లపిల్లి ఎదురైతే అదృష్టమనేవారు. 1896 నాటి ప్యారిస్ కాబరే పోస్టర్ ‘షా న్వార్’ని మధ్యయుగపు చిత్రమని పెట్టినవీ తిరుగుతుంటాయి. అది స్టైన్‌లెన్ గీసిన వ్యాపార ప్రకటన.

నలుపు దేనివల్ల వస్తుందో కూడా ఒక మాట. పెంపుడు పిల్లిలో ఏఎస్‌ఐపీ అనే జన్యువులో రెండు డీఎన్ఏ అక్షరాలు లోపిస్తే, ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే, ప్రతి వెంట్రుకా మొదలు నుంచి చివరిదాకా నల్లరంగుతో నిండుతుంది. చారలు పోవు, దాగుతాయి. ఎండలో పక్కనుంచి చూస్తే నల్లపిల్లి ఒంటి మీద నీడలా కనబడేవి అవే. ఎక్కువ ఎండ తగిలినా, తిండిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువైనా బొచ్చు తుప్పురంగుకి తిరుగుతుంది. చారల పిల్లుల జంటకి కూడా నల్లకూన పుట్టవచ్చు. అందువల్ల ఒక ప్రాంతంలో నల్లపిల్లులన్నిటినీ ఏరి చంపినా నలుపు పోదు. మోసేవి బయటికి చారలతో కనబడతాయి.

అచ్చుకి ఇవ్వవలసిన పాఠం

తప్పుడు మాటని శీర్షికలో తిరిగి రాయకూడదు, ‘కాదు’ అని పక్కన పెట్టినా సరే. చదివినవాడికి ‘పోప్, పిల్లులు, ప్లేగు’ అన్న మూడు మాటలే గుర్తుంటాయి. శీర్షిక నిజంతో మొదలవ్వాలి: ‘1233 ఉత్తరం వేటాడింది మనుషుల్ని’. బొమ్మకి ఎక్సెటర్ పద్దు పుట గానీ ఆ తలుపు కంత గానీ వాడవచ్చు. విచారణ చిత్రం వాడితే కింద సంవత్సరం తప్పక వేయాలి.

పాఠం ఇలా ఉండవచ్చు: ‘పోప్ తొమ్మిదో గ్రెగరీ 1233లో జర్మనీ రాజుకి, ఇద్దరు మతాధిపతులకి, ఒక విచారకుడికి రాసిన ఉత్తరంలో మతద్రోహుల రహస్య సభ వర్ణన ఉంది. అందులో ఒక నల్లపిల్లి వస్తుంది. పిల్లుల్ని చంపమన్న ఆజ్ఞ లేదు, అది చర్చి చట్టంలో చేరలేదు. ఆ వర్ణన 50 ఏళ్ళుగా పండితుల రాతల్లో తిరిగిన నింద, బలవంతపు ఒప్పుకోళ్ళతో రుజువుగా మారింది. దాని వల్ల ప్రాణాలు పోయింది ఆరోపణలు ఎదుర్కొన్న స్త్రీపురుషులకి. 114 ఏళ్ళ తర్వాత వచ్చిన ప్లేగు పోప్ మాట చెల్లని కాన్‌స్టాంటినోపుల్‌నీ, పిల్లుల్ని ఆదరించిన కైరోనీ అంతే తీవ్రంగా కొట్టింది.’

వ్యాఖ్యల్లో ‘మరి ఈప్ర్‌లో విసిరారుగా’ అని తప్పకుండా వస్తుంది. అవునని ఒప్పుకుని 1817 తేదీ చెప్పాలి. అది ఒక ఊరి ఆచారమని, పోప్ లేఖతో గానీ ప్లేగుతో గానీ దానికి ముడి లేదని రాయాలి. స్థలం రెండు వాక్యాలకే ఉంటే పై పాఠంలో ఆజ్ఞ లేదన్న వాక్యాన్నీ, ప్రాణాలు పోయినవాళ్ళ గురించిన వాక్యాన్నీ ఉంచి మిగతావి కోసేయవచ్చు. ప్లేగు వాక్యం కోసేసినా నష్టం లేదు, అది అడిగినవాళ్ళకి విడిగా చెప్పుకోవచ్చు.